‘లేదు’ అనరాని దుకాణం

ఒంటరిగా ఒక దీవిలో చిక్కుకుపోతే మీ వెంట ఏ మూడు వస్తువులు ఉండాలని కోరుకుంటారు?

హన్మకొండలో, కింద సెల్‌ఫోన్ రిపేరు షాపు ఉన్న భవనం రెండో అంతస్తులో, మే నెల మధ్యాహ్నం రెండున్నరకు, కూలర్ తిరుగుతున్నా చల్లబడని గదిలో కూర్చున్న తొమ్మిదిమందిని నేను ఈ ప్రశ్న అడగాలి. అడగడమే నా ఉద్యోగం. డోర్నకల్ నుంచి రైల్లో వచ్చే రైల్వే ఉద్యోగి ఒకాయన కాసేపు ఆలోచించి, "మేడం, అసలు మనం ఆ దీవికి ఎందుకు పోయినం?" అన్నాడు. వెక్కిరింతకు కాదు, నిజంగానే అడిగాడు.

నేను స్పోకెన్ ఇంగ్లిష్ చెప్పడం మొదలుపెట్టి పద్దెనిమిదేళ్ళు. ఇన్‌స్టిట్యూట్లు మారాను, బోర్డులు మారాయి, ఆ దీవి ప్రశ్న ఉన్న కాగితం మాత్రం మారలేదు. ఇప్పటి ఇన్‌స్టిట్యూటుకు అది హైదరాబాద్ హెడ్డాఫీసు నుంచి వస్తుంది. పైన ‘అప్పర్ ఇంటర్మీడియట్ విద్యార్థులకు సంభాషణాంశాలు’ అని ఉంటుంది, కింద నలభై టాపిక్కులు. మీ కలల విహారయాత్ర. మీకిష్టమైన సెలబ్రిటీతో భోజనం. సముద్రమా, పర్వతమా? మీ పెంపుడు జంతువు మీకు నేర్పిన పాఠం. చదువుతుంటేనే నాకు ఒళ్ళు మండేది. సముద్రం కావాలా కొండ కావాలా అంటే, రెండూ చూడని మనిషి ఏం చెప్పాలి? తమకు తెలియని బతుకు గురించి, తమకు పూర్తిగా రాని భాషలో, మూడు నిమిషాలు ఆగకుండా మాట్లాడమంటాం. మధ్యలో ఆగిపోతే భాష రాదని రాస్తాం. భాష రాక కాదయ్యా, చెప్పడానికి అందులో వాళ్ళదంటూ ఏమీ లేక ఆగిపోయారు. ఈ సంగతి నేను మూడు మీటింగుల్లో చెప్పాను. మూడుసార్లూ "మంచి సజెషన్ మేడం" అన్నారు.

మన దగ్గర మనుషులకు మాటలు కరువా? వరంగల్లో ఆటో ఎక్కి దిగేలోపు పక్క సీటావిడ మోకాలి ఆపరేషన్ ఏ దవాఖానలో అయిందీ, డాక్టరు ఏమన్నదీ, కోడలు చూడ్డానికి వచ్చిందీ రానిదీ అంతా మనకు తెలిసిపోతుంది. అదే మనిషిని తీసుకొచ్చి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి ‘మీ అభిరుచులు’ అనండి, నోరు పెగలదు. తప్పు ఆ నోటిదా?

ఆ బ్యాచ్‌లో ఒకామె ఉండేది. నలభై దాటి ఉంటాయి. వరంగల్ బజారులో ఆమె అత్తగారింటివాళ్ళకు చీరల దుకాణం. పెళ్ళయిన మరుసటి ఏటి నుంచి కౌంటరులో కూర్చుంటోంది. మధ్యాహ్నం గిరాకీ పలచబడే వేళకు మరిదిని కూర్చోబెట్టి స్కూటీ మీద వచ్చేది, మూడున్నర కాగానే సంచీ సర్దుకుని పరుగెత్తేది. క్లాసులో అందరికీ ఆమె అక్క. తెలుగు మీడియం డిగ్రీ. నా దగ్గర మొదటి మెట్టు నుంచి మొదలుపెట్టి, ఒక్క క్లాసూ ఎగ్గొట్టకుండా రెండేళ్ళలో ఇక్కడిదాకా వచ్చింది.

ఇంగ్లిష్ ఎందుకని మొదటిరోజే అడిగాను. ఏడాది గడిచాక ఒకరోజు మెట్లు దిగుతూ తనే చెప్పింది.

"దుకాణం మా మామది మేడం. ఆయన తర్వాత మా ఆయనది, మా మరిదిది. ఇరవై ఏండ్ల సంది గల్లా మీద కూసుంటాన. గని ఆ బోర్డు కింద నాదనేటిది ఏం లేదు. నాకొక పని గావాలె. నాదే అనుకునేటి పని."

ఆ పని ఏమిటో కూడా ఆమెకు తెలుసు. మా బ్రాంచిలో ఆడవాళ్ళ కోసం పొద్దున పది గంటలకు బిగినర్స్ బ్యాచ్ ఒకటి పెట్టాలని అనుకుంటున్నారు. బజారులో దుకాణాల ఇళ్ళ ఆడవాళ్ళు పదకొండుమంది పేర్లిచ్చారు, ఒక్క షరతు మీద: అక్క పాఠం చెప్తేనే వస్తాం. బ్రాంచి ఇన్‌చార్జి సరేనన్నాడు. కానీ హెడ్డాఫీసు నియమం ప్రకారం బిగినర్స్‌కు పాఠం చెప్పాలంటే అప్పర్ ఇంటర్మీడియట్ పాసై ఉండాలి. పాసు కావాలంటే చివర, చిట్టీలో వచ్చిన అంశం మీద పది నిమిషాల సంభాషణ పరీక్ష. ఇరవై ఏళ్ళుగా కూర్చున్న చోటుకూ, కోరుకున్న పనికీ మధ్య ఆమెకు ఉన్నది ఆ పది నిమిషాలే.

ఒకరోజు కాగితంలో ఇరవై మూడో టాపిక్కు దగ్గరికి వచ్చాం. ‘నో అనడం మీకు కష్టమా? ఎందుకు?’ ఎప్పటిలాగే అందరూ బల్లలకేసి చూశారు. ఆమె లేచింది. ఇంగ్లిష్‌లో ఆరు నిమిషాలు మాట్లాడింది.

వాళ్ళ దుకాణంలో ‘లేదు’ అనే మాట నోట రాకూడదట. కోడలిగా వచ్చి కౌంటరులో కూర్చున్న తొలిరోజు మామగారు నేర్పిన తొలి పాఠం అది. అడిగిన రంగు దుకాణంలో లేకపోతే లేదనకూడదు, "వస్తది, అందాక ఇది చూడుండ్రి" అనాలి. పొద్దున మొదటి బేరానికే ఆ మాట పడితే రోజంతా అదే అవుతుందని భయం. ఇంట్లో బియ్యం అయిపోతే నిండుకున్నాయంటాం కదా, అలాగే. సాయంత్రం దుకాణం మూస్తున్నామనరు, కడుతున్నామంటారు. ఇక మనిషిని ఖచ్చితంగా కాదని పంపవలసి వచ్చినప్పుడు ఒకటే మాట ఉంది. అది ఇంగ్లిష్‌లో చెబితే సరిపోదని తెలుగులోనే చెప్పింది.

"చూద్దాం. మీరు మళ్ల రండి, మంచిది చూపిస్త."

"అంటే నో అన్నట్టేనా అక్కా?" అన్నాడు రైల్వే ఆయన.

"నో కంటె గట్టిది తమ్మీ. నో అంటె మనిషి కొట్లాడుతడు. గిట్లంటె నవ్వుకుంట పోతడు. తెలిసినోడైతే ఇగ రాడు."

క్లాసంతా నవ్వింది. నేను నవ్వలేదు.

మా బాపు జంపఖానాలు నేసేవాడు. కొత్తవాడలో మా ఇంట్లో మగ్గం గుంట పక్కనే నేను ఎక్కాలు చదువుకున్నాను. బడి సెలవుల్లో, ఆయన సైకిలు వెనక కట్టిన జంపఖానాల కట్ట జారిపోకుండా పట్టుకుని బజారు దాకా నడిచేదాన్ని. దుకాణంలో గద్దె మీద కూర్చున్నాయన కట్ట విప్పించి, అంచు వేళ్ళ మధ్య నలిపి చూసి, "మంచిగున్నయ్. చూద్దాం. మళ్ల రా" అనేవాడు. మా బాపు ఆ మాట నమ్మేవాడు. "మళ్ల రమ్మన్నడు బిడ్డా" అని దారిపొడుగునా చెప్పేవాడు. మళ్ళీ వెళ్ళేవాళ్ళం. మళ్ళీ అదే మాట, అంతే నవ్వుతో, అంతే మర్యాదగా. ఒక్కడైనా వద్దు పొమ్మని మొహం మీద చెప్పి ఉంటే ఆయన అన్ని ఎండల్లో అన్నిసార్లు తిరిగేవాడు కాదు. ఆ మర్యాద మీద నాకు ఇప్పటికీ కోపమే.

ఆమె చేసిన తప్పేమీ లేదు. నేను ఎక్కిన మెట్లు ఆ దుకాణానివి కావు, అప్పటికి ఆమె పుట్టిందో లేదో. అయినా ఆ రోజు నుంచి ఆమె మీద నాకు లోపల ఎక్కడో ఒక చిన్న ముల్లు ఉండిపోయింది. దాచుకోకుండా చెబుతున్నానంటే, తర్వాత నేను చేసిన పనిలో దానికీ భాగం ఉంది.

ఒకటి మాత్రం మంచి జరిగింది. మర్నాటి నుంచి ఆ కాగితాన్ని సొరుగులో పడేశాను. మీకు తెలిసింది మాట్లాడండి అన్నాను. రైలు రెండు గంటలు లేటయితే ప్లాట్‌ఫారం మీద జనానికి ఏం చెప్పి సముదాయిస్తారో రైల్వే ఆయన చెప్పాడు. ఆమె మేడారం జాతర గురించి చెప్పింది. పెళ్ళయ్యాక తను దుకాణం వదిలి వెళ్ళిన ఊరు అదొక్కటేనట. దారిలో బండ్ల మధ్య ఇరుక్కుని అడవిలోనే అన్నం వండుకున్నది, అత్తగారిని తక్కెడలో కూర్చోబెట్టి ఆమెకు సరితూగేంత బెల్లం మొక్కుగా తూచినది, అక్కడి వనదేవతల దగ్గర బెల్లాన్ని బెల్లం అనరాదని, బంగారం అనాలని, ఎందుకో ఊరు తెలియనివాళ్ళకు ఎలా చెప్పాలో, అంతా ఇంగ్లిష్‌లోనే. రైల్వే ఆయన అడ్డు ప్రశ్నలు వేశాడు. ఆమె తిప్పికొట్టింది. నలభై నిమిషాలు ఎవరూ గడియారం చూడలేదు. మూడున్నర దాటిందని నేనే గుర్తు చేయాల్సి వచ్చింది.

పరీక్షకు ముందురోజు ఆమె నా బల్ల దగ్గర నిలబడింది.

"మేడం, చిట్టీల రోల్ ప్లే వస్తె ఎట్ల? నాకు యాక్టింగ్ రాదు."

"యాక్టింగ్ ఎందుకమ్మా? దుకాణంలో మాట్లాడినట్టే మాట్లాడండి. అంతకంటే బాగా ఎవరూ మాట్లాడలేరు."

ఆ మాట అన్నది నేనే.

పరీక్ష పెట్టడానికి హెడ్డాఫీసు నుంచి ఒక కుర్రాడు వచ్చాడు. ముప్పై లోపే ఉంటాయి. మంచి ఇంగ్లిష్, మంచి ఇస్త్రీ చొక్కా, చేతిలో టాబ్. నేను పక్కన రెండో పరీక్షకురాలిగా కూర్చున్నాను. ఆమె డబ్బాలోంచి చిట్టీ తీసి చదివింది. ‘మీరు దుకాణదారు. ఒకసారి కట్టిన చీరను కస్టమరు వాపసు తెచ్చారు. తీసుకోవడానికి నిరాకరించండి.’

నాకు ఎగిరి గంతేయాలనిపించింది. నలభై పనికిమాలిన చిట్టీల మధ్య ఆమె కోసమే రాసినట్టున్న ఒక్క చిట్టీ ఆమె చేతికే వచ్చింది. ఆమె నాకేసి చూసింది. నేను తలూపాను.

ఆ కుర్రాడు కస్టమరై తన ఫైలును చీరలా బల్ల మీద పెట్టి, మా ఆవిడకు ఇది నచ్చలేదు, వెనక్కి తీసుకోండి అన్నాడు. ఆమె ముందు కూర్చోమంది. ఎండలో వచ్చారు, నీళ్ళు తాగండి అని లేని గ్లాసు అందించింది. అతను తెలియకుండానే చెయ్యి చాపి అందుకున్నాడు. ఏ ఫంక్షన్‌కు కట్టారు, ఎవరి పెళ్ళి అని అడిగింది. రంగు నప్పలేదని ఎవరో అన్నారట అని అతను ఏదో కల్పించాడు. అన్నది మీ చెల్లెలేనా అంది. అతను నవ్వేశాడు. ఆమె ఆ ఫైలును కిటికీ వెలుగుకు తిప్పి, అంచు మీద వేలు నడిపి, తప్పు చీరది కాదు, వేసుకున్న జాకెట్టుది అని తేల్చింది. ఆకుపచ్చ జాకెట్టు వేసి కట్టమనండి, అదే చెల్లెలు ఎక్కడ కొన్నారని అడుగుతుంది, అప్పుడు ఆమెను మా దగ్గరికే తీసుకురండి అంది. రెండు చేతులతో ఫైలును అతని చేతుల్లో పెట్టింది. అతను థాంక్యూ చెప్పి లేచి తలుపుదాకా నడిచాడు. తను పరీక్షకుడినని గుర్తొచ్చి వెనక్కి వచ్చాడు.

పద్దెనిమిదేళ్ళలో ఆ గదుల్లో నేను విన్న అన్ని సంభాషణల్లోకీ అది గొప్పది. నేను పదికి తొమ్మిది వేశాను. అతను నాలుగు వేశాడు.

ఆమె వెళ్ళిపోయాక నేను అతన్ని పట్టుకున్నాను.

"నాలుగేమిటి?"

"టాస్క్ నిరాకరించడం మేడం. ఆమె నిరాకరించలేదు."

"ఇప్పుడు చీర ఎవరి చేతిలో ఉంది?"

అతను చేతిలోని ఫైలుకేసి చూసుకున్నాడు. "నా దగ్గరే. కానీ సారీ, కుదరదు, తీసుకోలేం... ఇలాంటి మాట ఒక్కటీ రాలేదు కదా. అది రాకపోతే నాలుగు దాటి వేయకూడదు. నాకూ నచ్చింది మేడం. కానీ ఇక్కడ ఇలా ఉంది." టాబ్ తిప్పి మార్కుల నియమాలున్న గళ్ళు చూపించాడు.

నచ్చిందట! నచ్చి నాలుగు వేశాడట. నేను అరిచాను. ఆ గళ్ళు రాసినవాడు ఎన్నడైనా ఒక దుకాణం మెట్లెక్కి బేరం చేశాడా అన్నాను. ఇది ఎవరి మాటతీరుకు పరీక్ష అన్నాను. కింద సెల్‌ఫోన్ షాపు దాకా వినపడి ఉంటుంది.

అప్పుడు బ్రాంచి ఇన్‌చార్జి నన్ను పక్కకు పిలిచాడు. ఇద్దరి మార్కులూ కలిపి పన్నెండు వస్తే పాసు. నాలుగూ తొమ్మిదీ పదమూడు. ఆమె పాసయ్యేది. కానీ ఇద్దరికీ తేడా మూడు దాటితే ఎక్కువ వేసినవాళ్ళు హెడ్డాఫీసుకు వివరణ లెటర్ రాయాలి.

"మేడం, లెటర్ అంటె మళ్ల ఫోన్లు, ఎంక్వైరీలు. జర ఆలోచించండి. మీరు ఏడేస్తే తేడా మూడే. వచ్చే నెల రీటెస్ట్ ఉండనే ఉంది, అప్పుడు పాసైతది. గింత దానికి ఎందుకు ఫికర్?"

సగం పేజీ లెటర్. అంతే. మూడు మీటింగుల్లో గొంతు చించుకున్న నేను, కుర్రాడి మీద అంతగా అరిచిన నేను, ఇన్‌చార్జికి కాదు అని చెప్పలేదు. అలసిపోయాననుకున్నాను. ఎలాగూ రీటెస్ట్ ఉందనుకున్నాను. ఆ చిన్న ముల్లు కూడా మెల్లగా కదిలింది: మళ్ళీ రమ్మనిపించుకోవడం ఎలా ఉంటుందో ఒక్కసారి ఆ మెట్ల మీది మనిషికీ తెలియనీ. అలా అనుకున్నానని ఇన్నాళ్ళూ ఒప్పుకోలేదు, ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. తొమ్మిదిని కొట్టేసి ఏడు వేసి, పక్కన పొట్టి సంతకం పెట్టాను. మొత్తం పదకొండు, పాసుకు ఒక్కటి తక్కువ. పెన్ను నాదే.

వారం తర్వాత మార్కుల మెమో తీసుకోవడానికి ఆమె వచ్చింది. అందులో ఇద్దరి మార్కులూ విడివిడిగా ఉంటాయి. నిలబడే చదువుకుంది.

"మీరు ఏడు మార్కులిచ్చిండ్రా మేడం?"

నేను రీటెస్ట్ గురించి ఏదో చెప్పబోయాను.

"దుకాణంల మాట్లాడినట్టె మాట్లాడమన్నరు గద," అంది. గొంతు పెంచలేదు. మెమోను రెండు మడతలు పెట్టి సంచీలో వేసుకుంది. ఆమె అరిచి ఉంటే నాకు బాగుండేది.

ఆడవాళ్ళ బ్యాచ్‌కు హెడ్డాఫీసు నుంచి ఒక ట్రైనర్‌ను పంపారు. చలాకీ పిల్ల, కష్టపడే పిల్ల. అక్క పాసై వచ్చేదాకా కూర్చుందామని ఆ పదకొండుమందీ వచ్చారు. మొదటిరోజే ఆ పిల్ల కాగితం తీసి వాళ్ళను దీవికి పంపింది. రెండోరోజు సముద్రమా, పర్వతమా. వారం తిరిగేసరికి ఇద్దరు మిగిలారు, తర్వాత వాళ్ళూ రాలేదు. బ్యాచ్ ఎత్తేశారు. రిజిస్టరులో కారణం రాసే గడిలో ‘అభ్యాసకుల్లో ఆసక్తి లేకపోవడం’ అని ఉంది. ఆసక్తి లేదట! ఇళ్ళలో వంట ముగించుకుని, దుకాణాల్లో నచ్చజెప్పుకుని, నోటుబుక్కులు కొనుక్కుని వచ్చిన పదకొండుమందికి ఆసక్తి లేదని ఎంత ధైర్యంగా రాశారు! ఆ రిజిస్టరు చింపి పోగులు పెడదామనిపించింది.

ఆ సాయంత్రం కూర్చుని లెటర్ రాశాను. సగం పేజీ కాదు, మూడు పేజీలు. నా మార్కు తొమ్మిదేనని, ఏడు వేయడం నా తప్పని, పరీక్ష మళ్ళీ పెడితే వేరే పరీక్షకుడు రావాలని రాశాను. సంతకం ఈసారి పూర్తిగా పెట్టాను. ఆ నకలు పట్టుకుని మర్నాడు బజారుకు వెళ్ళాను.

ఆ దుకాణం మెట్లు అంతకుముందు ఎప్పుడూ ఎక్కలేదు. ఆమె కౌంటరులో ఉంది. నన్ను చూడగానే లేచి నిలబడింది. స్టూలు జరిపింది, ఫ్యాను నా వైపు తిప్పించింది, నీళ్ళు ఇచ్చింది. ఈసారి గ్లాసు నిజంది.

"ఎండల వచ్చిండ్రు మేడం. చాయ్ తాగుతరా? ఏం చూపియ్యాలె?"

నేను లెటర్ ఆమె ముందు పెట్టాను. ఇన్‌చార్జి చెప్పిన లెక్కనూ, నేను కొట్టేసిన తొమ్మిదినీ దాచకుండా చెప్పాను. మా బాపు సంగతి మాత్రం చెప్పలేకపోయాను. రీటెస్టుకు రమ్మన్నాను, ఈసారి ఎవరేమన్నా నేను తగ్గనన్నాను, బ్యాచ్ మళ్ళీ పెట్టించే పూచీ నాదన్నాను. ఆమె మూడు పేజీలూ నిదానంగా చదివింది. ఒక మాట దగ్గర ఆగి, అర్థం సరిచూసుకున్నట్టు పెదవులు కదిపింది. తర్వాత కాగితాలను చీర మడత పెట్టినంత శ్రద్ధగా మడిచి, రెండు చేతులతో నా చేతుల్లో పెట్టింది. నవ్వింది. ఆ నవ్వులో ఏ లోటూ లేదు.

"చూద్దాం మేడం," అంది. "మీరు మళ్ల రండి, మంచిది చూపిస్త."

మెట్లు దిగి ఎండలోకి వచ్చాను. మా బాపు అయితే ఆ మాటకు సంతోషపడి ఇంటికి వెళ్ళేవాడు. నాకు ఆ వీలు లేదు. ఆ మాటకు అర్థం ఏమిటో ఆమే నాకు చెప్పింది, నా క్లాసులో నిలబడి, ఆరు నిమిషాలు, ఎక్కడా తడబడకుండా.